ఈ అక్షరాలతో వచ్చే ఇంగ్లీష్ పదం ఏది? వర్డ్ ఫైండర్ యాప్‌లు లోపల చేసే పని ఇదే

ఫోన్‌లో వర్డ్ గేమ్స్ ఆడే ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒకచోట ఆగిపోతారు. వర్డిల్‌లో రెండు గళ్లు పసుపు రంగులోకి మారతాయి, లేదంటే స్క్రాబుల్‌లో చేతిలో ఏడు అక్షరాలుంటాయి. పదం మాత్రం తట్టదు. అప్పుడు మనం చేసే పని ఒకటే. ప్లే స్టోర్‌లోకి వెళ్లి "వర్డ్ ఫైండర్" అని కొడతాం. బోలెడు యాప్‌లు వస్తాయి. అన్నీ చెప్పేది ఒకటే మాట: అక్షరాలు ఇవ్వండి, పదాలు ఇస్తాం.

నేను ఇలాంటి యాప్‌లు చాలానే ఇన్‌స్టాల్ చేసి చూశాను. అవే అక్షరాలిచ్చినా ఒక్కోటి ఒక్కో లిస్ట్ చూపిస్తుంది. ఒకదాంట్లో కనిపించిన పదం ఇంకోదాంట్లో ఉండదు. "మాది ఫాస్ట్ ఇంజిన్, మాది ఏఐ ఇంజిన్" అని డిస్క్రిప్షన్‌లో రాసుకుంటారు గానీ, తేడా వెతికే స్పీడ్‌లో లేదు. వెతకడం చాలా తేలికైన పని, పాత బేసిక్ ఫోన్ కూడా చేసేసింది. తేడా రెండు చోట్ల ఉంది: మనం అడిగే ప్రశ్నలో, యాప్ దగ్గరున్న పదాల జాబితాలో. ఈ రెండూ అర్థమైతే ఏ యాప్ వాడాలో, అసలు యాప్ అవసరమో లేదో మీరే తేల్చుకోవచ్చు.

ముందే ఒక మాట. ఈ ఆర్టికల్‌లో ఇంగ్లీష్ అక్షరాలని వాటి పేర్లతో తెలుగులోనే రాస్తున్నాను. "ఎ" అంటే ఇంగ్లీష్ మొదటి అక్షరం, "ఇ" అంటే ఐదో అక్షరం. కన్ఫ్యూజ్ అవకండి.

ఒక ప్రశ్న కాదు, నాలుగు ప్రశ్నలు

"ఈ అక్షరాలున్న పదాలు కావాలి" అనే మాటకి నాలుగు అర్థాలున్నాయి. ఉదాహరణకి ఎ, ఆర్, టి అనే మూడు అక్షరాలు తీసుకుందాం.

మొదటి అర్థం: ఈ మూడే, మూడూ వాడాలి, ఇంకేం కలపకూడదు. అప్పుడు వచ్చేవి ఆర్ట్, ర్యాట్, టార్. దీన్నే అనగ్రామ్ అంటారు.

రెండో అర్థం: ఈ మూడూ తప్పకుండా ఉండాలి, వేరేవి ఎన్నున్నా ఫర్వాలేదు. ఇప్పుడు బ్యాటరీ, అడాప్టర్, స్మార్ట్‌ఫోన్, వాటర్, పార్టీ అన్నీ వస్తాయి. లిస్ట్ వేలల్లోకి వెళ్లిపోతుంది.

మూడో అర్థం: నా దగ్గరున్నవి ఇవే, వీటిలో కొన్ని వాడినా చాలు. స్క్రాబుల్ ప్రశ్న ఇది. ఇక్కడ "ఎట్" అనే రెండక్షరాల పదం కూడా సరైన జవాబే.

నాలుగో అర్థం: ఏ అక్షరం ఏ స్థానంలో ఉందో తెలుసు, మిగతావి తెలియవు. క్రాస్‌వర్డ్, వర్డిల్ ఈ రకం. వర్డిల్‌లో ఇంకో మెలిక ఉంది. పచ్చ రంగు స్థానం చెబుతుంది, పసుపు "పదంలో ఉంది కానీ ఇక్కడ కాదు" అంటుంది, బూడిద రంగు "లేదు" అంటుంది. అంటే ఒకే గేమ్‌లో ఉండాల్సినవి, ఉండకూడనివి, స్థానం తెలిసినవి మూడూ కలిసి వస్తాయి.

న్యూయార్క్ టైమ్స్ వాళ్ల స్పెల్లింగ్ బీ గేమ్‌లో నియమం మళ్లీ వేరు. ఏడు అక్షరాలిస్తారు. ఒక్కో అక్షరాన్ని ఎన్నిసార్లైనా వాడొచ్చు, కానీ మధ్యలో ఉన్న అక్షరం తప్పనిసరి. ఏడూ వాడిన పదాన్ని పాన్‌గ్రామ్ అంటారు.

యాప్‌లో ఒకే ఒక్క సెర్చ్ బాక్స్ ఉంటే, అది ఈ అర్థాల్లో ఏదో ఒకటి తనంతట తానే అనుకుని జవాబిస్తుంది. మీరు క్రాస్‌వర్డ్ కోసం అడుగుతుంటే అది స్క్రాబుల్ జవాబులు ఇస్తుంది. అందుకే నేను మొదట చూసేది బాక్స్‌లు ఎన్నున్నాయనే. "మొదట్లో ఉండాలి", "చివర్లో ఉండాలి", "లోపల ఉండాలి", "ఉండకూడదు" అని విడివిడిగా అడిగే యాప్ అయితేనే పనికొస్తుంది.

మన పాత నోకియా ఎప్పుడో చేసిన పని

ఇదేదో కొత్త టెక్నాలజీ అనుకుంటే పొరపాటే. బటన్ ఫోన్లలో మెసేజ్‌లు టైప్ చేసినవాళ్లకి టీ9 గుర్తుండే ఉంటుంది. 9 బటన్ల మీద టెక్స్ట్ అని దాని అర్థం. టెజిక్ కమ్యూనికేషన్స్ అనే అమెరికన్ కంపెనీ తయారుచేసింది. 1999లో ఏఓఎల్ ఆ కంపెనీని కొనేసింది. అదే ఏడాది వచ్చిన నోకియా 3210లో టీ9 ఉంది.

అది చేసేది సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న పనే. 4 బటన్ మీద జి, హెచ్, ఐ. 6 మీద ఎమ్, ఎన్, ఓ. 3 మీద డి, ఇ, ఎఫ్. మీరు 4663 నొక్కితే ఒక్కో స్థానంలో మూడేసి అక్షరాలు, మొత్తం 3×3×3×3 = 81 కాంబినేషన్లు. వాటిలో నిజమైన ఇంగ్లీష్ పదాలు కొన్నే: గుడ్, హోమ్, గాన్, హుడ్, హూఫ్. ఫోన్ తన డిక్షనరీలో చూసి వీటిని ముందుకి తెస్తుంది. అందుకే "హోమ్" అని రాయబోతే "గుడ్" పడేది, స్టార్ బటన్ నొక్కుతూ మార్చుకునేవాళ్లం.

ఇంటర్నెట్ లేదు, సర్వర్ లేదు. ఇప్పటి ఫోన్ ప్రాసెసర్‌తో పోలిస్తే చీమంత చిప్. అయినా బటన్ నొక్కిన వెంటనే జవాబొచ్చేది. మరి ఈ రోజు ఒక వర్డ్ ఫైండర్ యాప్ "ఇంటర్నెట్ కనెక్షన్ అవసరం" అంటుంటే, ఆ అవసరం పదాలు వెతకడానికి కాదని అర్థం చేసుకోవాలి. చాలావరకు యాడ్స్ కోసమే.

లోపల జరిగేది ఇది

అక్షరాలన్నిటినీ అన్ని రకాలుగా మార్చి చూడటం అందరికీ మొదట తట్టే పద్ధతి. 7 వేర్వేరు అక్షరాలని 5,040 రకాలుగా అమర్చొచ్చు. ఇంతవరకు ఓకే. 10 అక్షరాలైతే 36,28,800. 12 అయితే 47 కోట్ల 90 లక్షలు దాటుతుంది. ఈ దారిలో వెళ్తే ఫోన్ వేడెక్కడం తప్ప ఏమీ రాదు.

తెలివైన పద్ధతి వేరే ఉంది. జాన్ బెంట్లీ రాసిన "ప్రోగ్రామింగ్ పెర్ల్స్" పుస్తకం చదివినవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. ప్రతి పదంలోని అక్షరాలని ఆల్ఫాబెట్ వరుసలో పేర్చి, దాన్ని ఆ పదానికి సంతకంలా వాడటం. ఎల్-ఐ-ఎస్-టి-ఇ-ఎన్ (వినడం) అనే పదాన్ని వరుసలో పెడితే ఇ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టి అవుతుంది. ఎస్-ఐ-ఎల్-ఇ-ఎన్-టి (నిశ్శబ్దం) పెట్టినా అదే సంతకం. ఎన్‌లిస్ట్, టిన్సెల్, ఇన్‌లెట్స్ కూడా అంతే. డిక్షనరీ మొత్తానికి ఒక్కసారి ఈ సంతకాలు తయారుచేసి పెట్టుకుంటే, ఆ తర్వాత మీరు ఏ అక్షరాలిచ్చినా వాటిని పేర్చి ఆ సంతకం దగ్గరికి నేరుగా వెళ్లిపోవడమే. కోట్ల కాంబినేషన్లు పోయి ఒక్క వెతుకులాట మిగిలింది.

అనగ్రామ్‌లకి ఇది సరిపోతుంది. "ఈ అక్షరాలు లోపల ఉండాలి" అనే రెండో ప్రశ్నకి ఇంకో ట్రిక్ వాడతారు. 26 స్విచ్‌లున్న ఒక బోర్డు ఊహించుకోండి. పదంలో ఉన్న అక్షరాల స్విచ్‌లు ఆన్, మిగతావి ఆఫ్. కంప్యూటర్ భాషలో ఇది 26 బిట్ల సంఖ్య, 32 బిట్ల గడిలో ఇంకా చోటు మిగులుతుంది. మీరు అడిగిన అక్షరాలకీ ఇలాగే ఒక సంఖ్య తయారుచేసి రెండింటినీ పోలిస్తే చాలు. ఒక్కో పదానికి ఒక్క పోలిక. లక్షల పదాలున్నా కనురెప్ప వేసేలోపు అయిపోతుంది.

కానీ ఇందులో ఒక లోపం ఉంది. స్విచ్ ఆన్ అయ్యిందా లేదా అనేదే తెలుస్తుంది, ఎన్నిసార్లు నొక్కారో తెలీదు. డి-ఇ-ఎస్-ఇ-ఆర్-టి అంటే ఎడారి. డి-ఇ-ఎస్-ఎస్-ఇ-ఆర్-టి అంటే భోజనం చివర్లో తినే తీపి పదార్థం. స్విచ్ బోర్డు దృష్టిలో రెండూ ఒకటే. స్పెల్లింగ్ బీలో అక్షరం ఎన్నిసార్లైనా రావొచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. స్క్రాబుల్‌లో మాత్రం చేతిలో ఒక్క "ఎస్" ఉంటే రెండు వాడలేం. కాబట్టి అక్కడ లెక్క కూడా చూడాలి. మీరు ఒక "ఎస్" మాత్రమే ఇచ్చినా యాప్ రెండు "ఎస్"లున్న పదం చూపిస్తోందంటే ఆ యాప్ స్విచ్‌ల దగ్గరే ఆగిపోయిందని అనుమానించొచ్చు.

ఇంకో పద్ధతి చెట్టు. సి-ఎ-ఆర్ అనే కాండం మీద డి కొమ్మ వేస్తే కార్డ్, టి కొమ్మ వేస్తే కార్ట్, ఇ కొమ్మ వేస్తే కేర్. మొదటి అక్షరాలు కలిసిన పదాలన్నీ ఒకే కాండం పంచుకుంటాయి. ఎక్కడైనా కొమ్మ లేకపోతే అటు వెళ్లడమే అనవసరం. 1988లో ఆండ్రూ అపెల్, గై జాకబ్‌సన్ అనే ఇద్దరు స్క్రాబుల్ ప్రోగ్రామ్ మీద రాసిన పేపర్‌లో దీన్ని ఇంకో అడుగు ముందుకి తీసుకెళ్లారు. పదాల మొదళ్లే కాదు, చివర్లు కూడా పంచుకునేలా డిక్షనరీని కుదించి, దాని సాయంతో బోర్డు మీద పడే పదాలన్నీ చకచకా వెతికారు. అంటే ఈ సమస్యకి మంచి పరిష్కారం దొరికి మూడు దశాబ్దాలు దాటిపోయింది.

అసలు తేడా జాబితాలో ఉంది

వెతకడం ఇంత తేలికైనప్పుడు, ఒక్కో యాప్ ఒక్కో జవాబు ఎందుకిస్తుంది? ఎందుకంటే "ఇంగ్లీష్ పదం" అంటే ఏంటో అందరూ ఒప్పుకున్న లెక్క ఒకటి లేదు. ఎవరి జాబితా వాళ్లది.

బ్రిటన్ పద్ధతిలో స్క్రాబుల్ పోటీలు ఆడేవాళ్లు కాలిన్స్ జాబితా వాడతారు. 2019 ఎడిషన్‌లో 2,79,496 పదాలున్నాయి. అమెరికాలో పోటీలకి వాడే జాబితా వేరు, ఇంతకంటే చిన్నది. ప్రోగ్రామర్లు ఎక్కువగా వాడేది ఎనేబుల్ అనే ఉచిత జాబితా, అందులో సుమారు 1 లక్షా 72 వేల పదాలుంటాయి. మ్యాక్ కంప్యూటర్లలో కనిపించకుండా ఒక పదాల ఫైల్ ఉంటుంది, 2 లక్షల 30 వేలకు పైగా పదాలు. అంకె చూసి మురిసిపోకండి. అది 1934 నాటి వెబ్‌స్టర్ డిక్షనరీ నుంచి తీసింది. అందులో స్మార్ట్‌ఫోన్ అనే పదం ఎలా ఉంటుంది చెప్పండి? బహువచనాలు కూడా చాలావరకు ఉండవు.

పెద్ద జాబితా ఉంటే మంచిదేగా అనిపిస్తుంది. గేమ్‌ని బట్టి ఉంటుంది. వర్డిల్‌నే చూడండి. జోష్ వార్డిల్ దీన్ని తయారుచేసేటప్పుడు ఇంగ్లీష్‌లో ఐదక్షరాల పదాలు 12 వేల దాకా ఉన్నాయి. వాటిలో చాలావాటిని మామూలు మనిషి ఎప్పుడూ విని ఉండడు. అతని భాగస్వామి పలక్ షా కూర్చుని తనకి తెలిసినవి, తెలియనివి వేరుచేసి సుమారు 2,500కి తగ్గించింది. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొన్న ఆ గేమ్ అంతగా హిట్ అవ్వడానికి ఆ జల్లెడ కూడా ఒక కారణమని నా అభిప్రాయం. ఏ పదం జవాబు కావాలో అక్కడ తేల్చింది అల్గారిథమ్ కాదు, ఒక మనిషి.

మీ యాప్ ఏ జాబితా వాడుతోందో తెలుసుకోవడానికి చిన్న టెస్ట్ ఉంది. క్యూ, ఐ అనే రెండక్షరాలు ఇవ్వండి. "చీ" అని పలికే ఆ పదాన్ని అమెరికన్ స్క్రాబుల్ జాబితాలో 2006లో చేర్చారు. యాప్ దాన్ని గుర్తించకపోతే అది పాత జాబితా అయ్యుండొచ్చు. ఆ తర్వాత ఇడ్లీ, దోస టైప్ చేయండి. కాలిన్స్ జాబితాలో ఈ రెండూ ఉన్నాయి. మన టిఫిన్‌ని ఇంగ్లీష్ పదంగా ఒప్పుకుంటుందో లేదో చూస్తే, యాప్ ఎవరి ఇంగ్లీష్ మాట్లాడుతోందో తెలిసిపోతుంది!

యాప్ లేకుండా ఎలా?

పదాల జాబితా ఒక మామూలు టెక్స్ట్ ఫైల్. ఎనేబుల్ ఫైల్ సైజు సుమారు 2 ఎంబీ, ఒక ఫొటో కంటే తక్కువ. ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ వాడేవాళ్లకి గ్రెప్ కమాండ్ ఒక్కటి చాలు. "ఎ" ఉన్న లైన్లు తీయమని చెప్పి, వచ్చినవాటిలో "ఆర్" ఉన్నవి, మళ్లీ వాటిలో "టి" ఉన్నవి తీయమంటే రెండో ప్రశ్నకి జవాబు వచ్చేసినట్టే. క్రాస్‌వర్డ్ కోసమైతే తెలియని స్థానంలో చుక్క పెట్టాలి. ^ గుర్తు పదం మొదలు, $ గుర్తు పదం చివర. ఈ మూడు గుర్తులతో నా పనులు చాలావరకు అయిపోతున్నాయి.

టైపింగ్ ఇష్టం లేనివాళ్లు బ్రౌజర్‌లో వన్‌లుక్ సైట్ వాడొచ్చు. అక్కడ ? అంటే ఏదో ఒక అక్షరం, * అంటే ఎన్ని అక్షరాలైనా.

యాప్ కావాలంటే మాత్రం ఇన్‌స్టాల్ చేశాక మూడు విషయాలు చూడండి. ఒకటి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వెతకండి, పనిచేయాలి. రెండు, పర్మిషన్లు. పదాలు వెతికే యాప్‌కి మీ కాంటాక్ట్స్, లొకేషన్‌తో పనేంటి? అడిగిందంటే అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. మూడు, ఏ జాబితా వాడుతున్నారో సెట్టింగ్స్‌లో పేరు చెప్పాలి. నా లెక్కలో పేరు చెప్పని యాప్‌కి స్టార్లు తగ్గుతాయి.

నాకు ఎక్కువ ఉపయోగపడింది గేమ్‌లో కాదు

నేను, మా చెల్లి ఇద్దరం తెలుగు మీడియంలోనే చదివాం. ఇప్పుడు తను బ్యాంక్ ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అవుతోంది. ఒక రోజు అడిగింది, "అన్నయ్యా, చివర్లో ఓ-యు-జి-హెచ్ ఉంటే ఎలా పలకాలి? ఒక్కోచోట ఒక్కోలా అంటారేంటి?"

"దానికి రూల్ లేదమ్మా. ఉన్నవన్నీ ఒకచోట పెట్టి చూద్దాం" అన్నాను.

జాబితాలో ఆ నాలుగక్షరాలు పక్కపక్కనే ఉన్న పదాలు వెతికాం. ఇక్కడ ప్రశ్న సరిగ్గా అడగడం ముఖ్యం. పక్కపక్కనే అని చెప్పకపోతే అవర్‌గ్లాస్ లాంటివి కూడా వచ్చేస్తాయి, అందులోనూ ఈ నాలుగూ ఉన్నాయి మరి. వచ్చినవాటిలో వాడుకలో ఉన్నవి ఏరి గుంపులు చేశాం. టఫ్, రఫ్, ఇనఫ్, కాఫ్: వీటిలో "ఫ్" వినిపిస్తుంది. దో, డో: "ఓ" అనే పలుకుతుంది. త్రూ: "ఊ". ప్లౌ, బౌ: "ఔ". థాట్, బాట్, బ్రాట్: చివర "టి" వచ్చి చేరి "ఆట్" అయింది.

తను ఆ కాగితం టేబుల్ ఎదురుగా గోడకి అంటించుకుంది. "మొత్తం ఇన్నేనా? ఎన్నో ఉన్నాయనుకుని భయపడ్డాను" అంది. ఆ తర్వాత తనే వెతకడం మొదలుపెట్టింది. కె-ఎన్‌తో మొదలయ్యేవి: నో, నీ, నైఫ్, నాక్, నాట్. వీటిలో మొదటి "కె" పలకరు. పి-ఎస్‌తో మొదలయ్యేవి: సైకాలజీ, సూడో. విన్నదాన్ని విన్నట్టే రాసే భాషలో పెరిగినవాళ్లకి ఇంగ్లీష్ స్పెల్లింగ్ ఒక గుంటల రోడ్డు. కనీసం గుంటలు ఎక్కడున్నాయో మ్యాప్ దొరికితే నడక తేలికవుతుంది. గేమ్‌లో గెలిపించే యాప్ కంటే ఈ మ్యాప్ గీసుకోవడం నాకు పెద్ద విషయంగా అనిపించింది.

ఇదే తెలుగులో చేయాలంటే?

కోడింగ్ వచ్చినవాళ్లు కొందరికి ఈపాటికి ఆలోచన వచ్చే ఉంటుంది, తెలుగు పదాలకీ ఇలాంటిది చేస్తే పోలేదా అని. చేయొచ్చు, కానీ పై ట్రిక్కులు నేరుగా పనిచేయవు. "స్త్రీ" అనేది మన కంటికి ఒక్క అక్షరం. ఫోన్ లోపల యూనికోడ్‌లో అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర దీర్ఘం గుర్తు. ఈ ముక్కలని ఇంగ్లీష్‌లోలా వరుసలో పేరిస్తే గుణింతం గుర్తులు హల్లుల నుంచి విడిపోయి చెత్త వస్తుంది. ముందు పదాన్ని అక్షరాలుగా విడగొట్టాలి, ఆ తర్వాతే పేర్చాలి. 26 స్విచ్‌ల బోర్డు కూడా సరిపోదు, గుణింతాలు, ఒత్తులు కలిస్తే మన అక్షరాలు వేలల్లో ఉంటాయి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోసం వెతుకుతున్నవాళ్లకి ఇది మంచి ఐడియా.

ఇక మీ వంతు. ఎ, సి, ఇ, ఆర్, టి. ఈ ఐదూ ఒక్కోసారి మాత్రమే వాడి, ఐదక్షరాల ఇంగ్లీష్ పదాలు చెప్పాలి. మామూలు డిక్షనరీలో ఉండేవే కనీసం ఐదున్నాయి. ముందు పెన్ను, కాగితంతో ప్రయత్నించండి. ఐదూ రాశాక అప్పుడు యాప్ తెరవండి. ఆరోది చూపిస్తే, అది ఎవరి జాబితాలోంచి వచ్చిందో కూడా ఒకసారి చూడండి.